బాతులక్క చెప్పనన్న నాలుగు మంచి మాటలు

బాతులక్కకి ముక్కు మీద కోపం అంటారు గానీ, ఆవిడ కోపానికి ముక్కొక్కటీ ఎక్కడ సరిపోతుంది? ఒళ్ళంతా కోపమే. నలభై దాటింది, పెళ్ళి చేసుకోలేదు. ఊరి చివర పెంకుటిల్లు, వెనక దొడ్డి, దొడ్లో నీళ్ళ గుంట, గుంట నిండా బాతులు. పొద్దున్నే గుడ్లు ఏరుకుని, బురద కడిగి, గంపలో గడ్డి పరిచి పేర్చుకుని సంతకి పోతుంది. గుడ్డు చిన్నదిగా ఉందని ఎవరైనా నసిగారా, "అయితే ఇంకాస్త పెద్దది నువ్వే పెట్టు" అంటుంది. అయినా జనం ఆవిడ దగ్గరే కొంటారు. ఆవిడ గంపలో మురిగిన గుడ్డు ఉండదు, ఏ మాటకి ఆ మాటే చెప్పుకోవాలి.

తల్లి పోయింది మొన్న చలికాలంలో. ఇప్పుడు చలి విరిగి కొమ్మలన్నీ చిగుళ్ళు వేస్తుంటే, వీధిలో ఆడవాళ్ళందరికీ ఆ తల్లే గుర్తొస్తోంది. ఎందుకు రాదు? ఏటా ఈ రోజుల్లో ఆవిడ దొడ్లో టమాటా, వంగ, మిరప నారు పచ్చగా లేచేది. డబ్బా పట్టుకుని ఎవరొచ్చినా వేరు తెగకుండా రెండు వేళ్ళతో పైకి తీసి, తడిగుడ్డలో చుట్టి, "జాగ్రత్తగా బతికించుకో తల్లీ" అని చేతిలో పెట్టేది. ఏమీ పుచ్చుకునేది కాదు. వీధి వీధంతా ఆవిణ్ణి దేవత అనేది. ఆ మాట వింటే బాతులక్కకి పంటి కింద ఇసుక పడ్డట్టు ఉండేది.

ఈ ఏడు బాతులక్క ఒక్క గింజ నాటలేదు. నాటకపోగా, నారుమడి దడి పీకేసి బాతుల్ని తోలింది. అవి ఆ మెత్తటి మట్టిని ముక్కులతో కెలికి కెలికి బురదగుంట చేసిపెట్టాయి. అలవాటు కొద్దీ డబ్బాలు పట్టుకొచ్చినవాళ్ళు దడి దగ్గరే నిలబడిపోయి, "అయ్యో, మీ అమ్మే ఉంటేనా..." అన్నారు.

"ఉంటే మీకు నారు ఇచ్చేది, నాకు నాలుగు తగిలించేది. పదండి పదండి!"

తల్లి మీద ఇలా నోరు పారేసుకునే కూతురు ఎక్కడైనా ఉంటుందా అని వాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

అంతటితో పోతే బాగానే ఉండేది. బళ్ళో పిల్లల తోటకి మొక్కలన్నీ ఆ తల్లే ఇచ్చిందట. తోటకి ఆవిడ పేరు పెట్టి ఫోటో కట్టిస్తాం, కూతురుగా మీరొచ్చి నాలుగు మంచి మాటలు చెప్పండి అని మాస్టారు వచ్చి అడిగాడు. "నా దగ్గర లేవు" అంది బాతులక్క. ఆయన ఊరుకోక ఆవిడ పెద్దక్కకి ఫోన్ చేశాడు. మర్నాటి బస్సుకి పెద్దక్క దిగి, సంచీతో సహా సరాసరి దొడ్లోకి వచ్చేసింది.

ఇద్దరికీ వయసులో బాగా తేడా. చెల్లెలు గౌన్లు వేసుకునే రోజుల్లోనే అక్క అత్తారింటికి వెళ్ళిపోయింది.

"ఏమే, వీధిలో పరువు తీస్తున్నావట?"

"తియ్యడానికి నువ్వేమైనా దాచిపెట్టి వెళ్ళావా?"

"నాలుగు ముక్కలు చెప్పడానికి నీకేం పోయేకాలమే? అంత చల్లటి మనిషి! నా మీద ఏనాడైనా చెయ్యెత్తిందా?"

"నీ మీద ఎత్తలేదు. నువ్వెళ్ళాకే ఎత్తింది. నారు తొక్కానని చెవి మెలితిప్పేది. బిందె తొణికిందని గరిటె తీసేది. అదే చేత్తో మళ్ళీ బయటికొచ్చి, బతికించుకో తల్లీ అనేది."

"ఛీ, కట్టుకథలు! చచ్చిపోయిన మనిషి వచ్చి కాదనలేదని ఏమైనా అంటావా? అలాంటిది జరిగితే ఊళ్ళో ఒక్కరికైనా తెలియదా?"

సరిగ్గా అక్కడే దెబ్బ తగిలింది. ఇదే మాట బాతులక్క తనలో తాను ఎన్నోసార్లు అనుకుంది. ఎముక విరిగి ఉంటే కట్టు గుర్తుండేది, మచ్చ పడి ఉంటే చూపించేది. ఏదీ మిగల్లేదు. ఊరంతా దేవతే అంటున్నప్పుడు, నేనే ఏదో ఊహించుకుని కన్నతల్లిని ఆడిపోసుకుంటున్నానా, నాకేమైనా మతి చెడిందా అని ఆవిడకి నిజంగానే భయం పట్టుకుంది.

అప్పుడే గోడ పక్క నుంచి కేక.

"ఏయ్ బాతులదానా! నీ మందని అదుపులో పెట్టుకోవా? ఆరేసిన గౌను మీదంతా రెట్టలే!"

ఆవిడ పక్కింటి దర్జీ ఆవిడ. కుట్టుమిషను గోడకి ఆనించే ఉంటుంది. ఇటుపక్క గొడవ మొదలైతే అటుపక్క మిషను ఆగుతుంది, అంటే ఆవిడ వింటోందని లెక్క. వీళ్ళిద్దరూ మామూలు గొంతుతో మాట్లాడుకోగా చూసినవాళ్ళు లేరు.

"కాస్త ఎత్తులో ఆరేసుకో, మహాతల్లీ!" అంది బాతులక్క, ఊపిరాడినట్టయి.

"నీ పొగరు! మీ అమ్మ నిన్ను గరిటెతో బాదినప్పుడల్లా పాపం పసిపిల్లని జాలిపడేదాన్ని. ఇప్పుడనిపిస్తోంది, ఇంకో రెండు తగిలించాల్సింది!"

బాతులక్క గోడ దగ్గరికి నడిచింది.

"ఏమన్నావ్? మళ్ళీ అను."

దర్జీ ఆవిడ దాన్ని సవాలే అనుకుంది. గోడ మీదికి ఇంకాస్త పైకి లేచింది.

"అంటాను, నాకేం భయమా? గరిటెతో కొట్టింది, చీపురు తిరగేసి కొట్టింది! ఓసారి వానలో దొడ్డి గుమ్మం బయటికి తోసి తలుపేసుకుంటే, మెట్టు మీద ముడుచుకుని కూచున్నావు. నేనే గోనెపట్టా విసిరాను కప్పుకోమని. అదీ తిరిగివ్వలేదు నువ్వు!"

"గోనెపట్టా..." అంది బాతులక్క. అదెవరు విసిరారో ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు. "విన్నావా అక్కా?"

పెద్దక్క సంచీ కింద పెట్టి ఆ మెట్టు మీదే కూలబడింది. "నాకు తెలీదే," అంది. "నాకు ఉత్తరాల్లో నువ్వు బుద్ధిగా ఉన్నావనే రాసేది."

"ఉన్నాను మరి. ఉండక ఏం చేస్తాను?"

గోడ అవతల ఆవిడకి విసుగెత్తింది. "ఏమిటే ఆ గుడ్లప్పగించి చూడ్డం? నా గౌను సంగతి తేల్చు!"

"ఇటు పారెయ్, ఉతికి ఇస్తా," అంది బాతులక్క.

దర్జీ ఆవిడ తిట్టబోయిన తిట్టు నోట్లోనే ఆగిపోయింది. ఏదో మోసం ఉందన్నట్టు చూసి, గౌను ఉండచుట్టి గోడ మీంచి విసిరింది.

బాతులక్క దాన్ని బకెట్లో ముంచి, సబ్బు రాస్తూ, తలెత్తకుండానే అక్కతో అంది: "బడికి వస్తాను. నారు ఎలా పెంచేదో, వేరు తెగకుండా ఎలా తీసేదో చెప్తాను. అది నిజమే కదా. దేవత అని మాత్రం నా చేత అనిపించకు."

"అనిపించనులే," అంది పెద్దక్క.

"మరకలు పోవాలి, లేకపోతే ఊరుకోను!" అని అరిచింది దర్జీ ఆవిడ.

"నువ్వెప్పుడు ఊరుకున్నావు గనక!" అని అంతకంటే గట్టిగా అరిచి, బాతులక్క గౌనుని బండ మీద వేసి ఉతకడం మొదలుపెట్టింది.