దొంగతనం కింద మా అన్నయ్య

మా అన్నయ్యను ఏక్‌బాల్‌పూర్‌లో ఒక సందులో పొద్దున్నే కొట్టి చంపారు. మేం బతుకుతెరువుకు వలస వచ్చిన ఆ పరాయి నగరంలో అతను కార్పొరేషన్ చెత్త బండి తోలేవాడు. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. గోడకు ఆనించినదాన్ని ముట్టుకోరు, కుప్పకు ఆనించినదాన్ని ఎత్తేస్తారు. ఆ రోజు ఎవరో తుప్పు పట్టిన సైకిలును కుప్పకు ఆనించి టీ తాగడానికి వెళ్ళారు. అన్నయ్య దాన్ని బండిలో వేశాడు. "చోర్" అని ఒకడు అరిచాడు. అన్నయ్యను కరెంటు స్తంభానికి కట్టేశారు. ముందు చెప్పులతో, తర్వాత వెదురు కర్రలతో, చివరికి ఇటుకతో కొట్టారు. నీళ్ళు అడిగితే నోటి మీద కొట్టారని అక్కడి ఇస్త్రీ బండి అతను చెప్పాడు. చివర్లో అన్నయ్య మా తెలుగులో ఏదో అన్నాడట, అతనికి అర్థం కాలేదు. ఆస్పత్రిలో ముఖం చూసి పోల్చుకోలేకపోయాను. కాలి వేళ్ళు చూసి పోల్చుకున్నాను.

నేను ఒక పరిశోధనా సంస్థ గ్రంథాలయంలో పనిచేస్తాను. వ్యాసాలను రచయితల పేర్లను బట్టి కాక, వాటిలోని భావనలను బట్టి అమర్చడం మా పని. ఒక రంగంలోకి కొత్తగా వచ్చిన విద్యార్థి తెర మీద ఒక భావనను నొక్కితే దాని కింది వ్యాసాలు కనిపిస్తాయి. అక్కడి నుంచి గీతల వెంట పక్క భావనలకు వెళ్ళవచ్చు. మరుసటి ఏడు మూకదాడుల మీద ఒక వ్యాసం వచ్చింది. అందులో అన్నయ్య పేరు లేదు. సందు, సైకిలు, ఇటుక ఉన్నాయి. మావాళ్ళు దాన్ని 'దొంగతనం' కింద పెట్టారు.

అక్కడి నుంచి తీసేయమని మా విభాగం పెద్దావిడను అడిగాను. ఆమెకు సంగతి తెలుసు.

"తీసేస్తాను భాయ్. కానీ దొంగల గురించి చదివేవాడికి ఇక ఈ చావు కనపడదు. సరేనా?"

ఇంటికి వచ్చి వదినకు చెప్పాను. ఆమె కత్తిపీట మీద చేపను కోస్తోంది. చెయ్యి ఆగలేదు.

"దొంగతనం కిందెట్టినారా? మరి నువ్వక్కడ కూకుని ఏటి సేస్తన్నావు బాబూ? ఒట్టినే జీతమిస్తన్నారా?"

"తీసేస్తే ఎవరికీ కనపడడు వదినా."

"కనపడాల. దొంగలాగ కనపడకూడదు. సదువుకున్నోడివి, నువ్వే సూడు."

మర్నాడు 'హత్య' అనే భావన కోసం వెతికాను. మా భావనల పటంలో లేదు. 'ఘటన', 'మరణం' ఉన్నాయి. పెద్దావిడను ఒప్పించి హత్యను చేర్చాను. వ్యాసాన్ని దాని కిందికి మార్చి, దొంగతనం నుంచి అక్కడికి ఒక గీత కలిపాను. ఇప్పుడు దొంగలను వెతుక్కుంటూ వచ్చేవారు హత్యను దాటితేగాని మా అన్నయ్య దగ్గరికి రాలేరు.

వదినకు ఫోనులో చూపించాను. ఆమెకు చదవడం రాదు. గీత వెంట వేలు పోనిచ్చింది.

"మరి కొట్టినోళ్ళనెక్కడెట్టినావు?"

వాళ్ళకు చోటు లేదు. వ్యాసంలో వాళ్ళు 'గుంపు'. అందులో ఇద్దరు బెయిలు మీద వచ్చి ఆ సందులోనే ఉంటున్నారు. సైకిలు వాళ్ళలో ఒకడిది. మొన్న అటు వెళ్ళినప్పుడు చూశాను. గోడకు ఆనించి ఉంది.