అస్లీ బీర్‌గావ్ ఎఫ్.సి.

పదకొండు మంది కొత్త జెర్సీలు తొడుక్కుని, బూట్లు బిగించుకుని, బంతిని కాలితో ముట్టకుండానే టోర్నమెంటు నుంచి బయటికొచ్చేసిన జట్టును మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడ్డమేమిటి, ఆ జట్టుకు పేరు పెట్టిందే నేను. సర్వనాశనం ఎలా జరిగిందో వివరంగా చెబుతాను, తీరిగ్గా కూర్చోండి.

అప్పట్లో స్పెయిన్ ఫుట్‌బాల్ లీగు చరిత్రంతా నాకు తెలుసు. తెలియనిది స్పానిష్ భాష ఒక్కటే. ఏ క్లబ్బు ఎన్నిసార్లు కింది డివిజన్‌కు జారిందో, లీగు పుట్టాక ఒక్కసారీ జారని మూడు క్లబ్బులేవో ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేవాణ్ణి. ఉర్లా ఫ్యాక్టరీలో ఫిట్టరూ, మా జట్టుకు కెప్టెనూ అయిన సింహాచలం అన్న నోరు తెరుచుకుని వినేవాడు.

మేముండే హిందీ ఊరి శివార్లలో బీర్‌గావ్ ఒక పేట. ఆ ఏటి బీర్‌గావ్ టోర్నమెంటు గెలిచినవాళ్ళకు ఏడాదంతా ఆదివారాలు అక్కడి మైదానం ఇస్తామన్నారు. మాకది ప్రాణం. అప్పటిదాకా మేం ఆడింది లారీలు ఆపే చోట. బంతి వెంట మేం, మా వెంట డ్రైవర్లు.

"జట్టుకో గట్టి పేరెట్టరా," అన్నాడు అన్న.

"స్పెయిన్‌లో చాలా క్లబ్బుల పేర్ల ముందు 'రియల్' అని ఉంటాదన్నా. అంటే అసలైందని. బంగారానికి హాల్‌మార్కు లాగ."

"అయితే మిగతావన్నీ డూప్లికేటా?"

"మరేటి? కోర్టుకెళ్ళి ఓడిపోయుంటాయి."

ఈ కోర్టు నా బుర్రలో ఆ క్షణమే కట్టారు. కానీ గొంతులో వణుకు లేకుండా చెప్పాను, అదే ముఖ్యం.

"రియల్ అంటే ఇక్కడెవుడికి తెలుస్తాది? 'అస్లీ' అని హిందీలో ఏయించీ," అన్నాడు అన్న.

పండరీ బజారులో జెర్సీల మీద అక్షరాలు వేసే ఆయన 'అస్లీ బీర్‌గావ్' అని చదివి, "క్యోఁ భయ్యా, నక్లీ భీ హై క్యా?" అని అడిగాడు. ఆయన్ని చూసి జాలిపడ్డాను. పాపం, స్పెయిన్ తెలియని మనిషి.

నక్లీ ఉంది. ఆదివారం పొద్దున మైదానం అవతలి కొసన నీలం జెర్సీల్లో నిలబడి ఉంది. మొదటి మ్యాచ్‌లోనే మాకెదురు పడింది బీర్‌గావ్ పాత జట్టు. వాళ్ళ కెప్టెన్ సాహూ మా వీపులు చదివాడు. ఒక్కొక్కటిగా, పదకొండూ.

"తుమ్ అస్లీ? తో హమ్ నక్లీ హైఁ క్యా బే?"

"ఐసా నహీఁ భయ్యా, వో స్పెయిన్ మే..." అని మొదలుపెట్టాను. స్పెయిన్ అక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది.

సాహూ నేరుగా నిర్వాహకుడు తివారీజీ దగ్గరికి నడిచాడు. ఆటగాళ్ళంతా బీర్‌గావ్ వాసులే అయి ఉండాలని ఎంట్రీ ఫారంలో ఒక నిబంధన ఉంది. ప్రతి జట్టూ బయటివాళ్ళను దింపేది, ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. మా వీపులు అడిగించాయి.

"అస్లీ హో నా? తో ఆధార్ దిఖావో," అన్నారు తివారీజీ.

కార్డులో చిరునామా ప్రకారం మా ఫార్వర్డు పండరీలో తేలాడు. గోల్‌కీపరు రైల్వే క్వార్టర్స్‌లో తేలాడు. ఇంకో ఇద్దరు ఎక్కడా తేలకుండా ముందే జారుకున్నారు. నేను కాక ఆరుగురు మిగిలారు. ఏడుగురుంటే ఆడొచ్చు. అన్న ముఖంలో ఆదివారాలన్నీ ఇంకా బతికే ఉన్నాయి.

"ఏడోవోడివి నువ్వున్నావు కదరా! తియ్యి, కార్డు తియ్యి!"

తీశాను. రెండేళ్ళ కిందటే మా నాన్న ఇల్లు బీర్‌గావ్ నుంచి శంకర్ నగర్‌కు మార్చారు. పద్ధతి గల మనిషి కనక కార్డులో చిరునామా కూడా మార్పించారు. తివారీజీ కార్డు చదివారు, నా వీపు చదివారు, మళ్ళీ కార్డు చదివారు.

"బేటా, తుమ్ తో సబ్‌సే బడే నక్లీ నిక్‌లే."

అందరిలోకీ పెద్ద నకిలీ నేనేనట. మ్యాచ్ సాహూ జట్టుకిచ్చేశారు, ఆదివారాలు కూడా ఆ వెంటే వెళ్ళిపోయాయి. గోల్‌పోస్టు వెనక కూలబడ్డాం. అన్న చాలాసేపు ఫోన్లోకి చూసి తలెత్తాడు.

"ఒరే, రియల్ అంటే అసలు కాదటరా. రాజుగారు ఇచ్చిన బిరుదట."

"ఇప్పుడెందుకన్నా అది చూడ్డం?"

"ఇప్పుడు కాళీయే కదరా. ఆటేటైనా ఉందేటి?"

అందుచేత, తివారీజీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నాకు రాని భాషలోని మాటకు ఇక జన్మలో అర్థం చెప్పను. ఒకవేళ నోరాగక చెప్పినా, దాన్ని పదకొండు మంది వీపుల మీద మాత్రం అచ్చు వేయించను.