ఆల్కే పడవకు సరంగు

నోయ్‌సీల్ అనే జర్మన్ రేవులో ఆ ఏడాది అందరికీ అలవాటైపోయిన దృశ్యం ఒకటుండేది. ‘ఆల్కే’ అనే రొయ్యల పడవ వేటకు బయలుదేరే ముందు, ఇద్దరు మనుషులు డెబ్బై ఒక్క ఏళ్ళ ఓకో ఫ్రీజెను చంకల కింద చేతులేసి పట్టుకుని గట్టు మీంచి పడవలోకి దించేవారు. ఓకో మోకాళ్ళు అరిగిపోయాయి. నిచ్చెన దిగలేడు, వల లాగలేడు. చుక్కాని గదిలో బల్ల మీద దుప్పటి పరిచి కూర్చోబెడితే, తిరిగొచ్చేదాకా అక్కడే పటికబెల్లం వేసుకుని టీ తాగుతూ, మధ్యమధ్య కునుకు తీస్తూ ఉండేవాడు. పడవలో అతను చేసే పని ఒక్కటే: జర్మన్ పౌరుడుగా ఉండటం.

పడవ నడిపేది ఫెన్నా వీర్సెమా. వయసు నలభై మూడు. పుట్టింది అఖాతానికి అవతల, డచ్చివాళ్ళ ఒడ్డున. వాతావరణం తేటగా ఉంటే వాళ్ళ ఊరి చర్చి శిఖరం నోయ్‌సీల్ కరకట్ట మీంచి కనిపిస్తుంది. ఇరవై ఒకటో ఏట ఓకో దగ్గర కళాసీగా చేరింది, కరకట్టల మరమ్మతు చేసే యెల్టోను పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయింది. ఏ ఇసుక మేట ఏ చలికాలం తర్వాత ఎటు జరిగిందో, ఏ పాయలో నీళ్ళు వెనక్కి తీసే పాటు సమయంలో పడవ అడుగు తగులుతుందో ఆమెకు కొట్టిన పిండి. అవతలి ఒడ్డున పరీక్ష రాసి సరంగు సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. ఓకోకి పిల్లల్లేరు. పడవలో సగం వాటా అప్పటికే ఆమెకు రాసిచ్చాడు. ఇక మిగిలింది అతను ఒడ్డున కూర్చోవడం, ఆమె సరంగు కావడం.

దానికోసం ఆమె నగరంలోని ఓడల శాఖ కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి గుమాస్తా ఊబెన్ కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు. సర్టిఫికెట్ బాగుందన్నాడు. అనుభవం ఇంకా బాగుందన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“అమ్మా, మీరు డచ్చివారు కదా. జర్మన్ జెండా ఎగిరే పడవకి కాప్టెన్, అదే సరంగు, జర్మన్ పౌరుడే కావాలి. చట్టం.”

“ఎందుకండీ? రొయ్యలు జర్మన్‌లో పిలిస్తే గానీ వలలోకి రావా?”

ఊబెన్ నవ్వలేదు. “సముద్రం మీద కాప్టెన్ అంటే ప్రభుత్వం లెక్క. పడవలో ఎవరైనా పుడితే, చస్తే రాసుకోవాలి. గొడవ చేసినవాణ్ణి బంధించొచ్చు. అలాంటి అధికారం పరాయి దేశం వాళ్ళకి ఎలా ఇస్తాం?”

“మా పడవ పదిహేడు మీటర్లండీ. ఉండేది ముగ్గురం. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొస్తాం. ఇరవై రెండేళ్ళలో ఎవరూ పుట్టలేదు. పుట్టే పనుంటే ఒడ్డుకొచ్చి పుడతారు.”

“చట్టం రాసింది నేను కాదమ్మా,” అన్నాడు ఊబెన్. ఆ మాట మాత్రం నిజంగా నొచ్చుకునే అన్నాడు.

అలా ‘లేదు’ అన్న కాగితం ఒకటి ముద్ర కొట్టించుకుని ఆమె ఇంటికొచ్చింది. మర్నాటి నుంచి, కాగితం మీద సరంగుగా, ఓకోని ఎత్తి దించడం మొదలైంది.

రేవులో ఈ సంగతి నవ్వులాటగా మారడానికి ఎన్నో రోజులు పట్టలేదు. పక్క పడవ సరంగు హాయో నోరు ఊరుకునే రకం కాదు. “ఏం ఫెన్నా, నీ పౌరసత్వాన్ని పడవెక్కించావా? చలికి జాగ్రత్త, దగ్గొస్తోంది దానికి,” అనేవాడు. మరోరోజు నిజంగానే సలహా ఇచ్చాడు: “ఎందుకీ తంటా? పాస్‌పోర్టు మార్చుకుంటే ఒక్క సంతకంతో పోయేదానికి!”

“మార్చుకుంటే పాతది వదులుకోవాలి,” అంది ఫెన్నా వల చిక్కు తీస్తూ. “ఇరవై రెండేళ్ళు ఇక్కడ పని చేయడానికి నా పాస్‌పోర్టు నాకేం అడ్డం రాలేదు. ఇప్పుడు వాళ్ళ కాగితానికి అడ్డొచ్చిందంటే, మారాల్సింది నేనా, కాగితమా?”

ఆ మాట అనేసింది గానీ, కాగితాన్ని ఎలా మార్చాలో ఆమెకు తెలియదు. దారి చూపింది పక్క ఊళ్ళోని లాయరు ఇల్సె మైనర్ట్స్. ఆవిడ చేసేవన్నీ విడాకులు, కంచె తగాదాలు. ఫెన్నా చెప్పిందంతా విని, “నాకు రెండు వారాలు టైమివ్వండి, చదువుకోవాలి,” అంది. రెండు వారాల తర్వాత ఆవిడ కళ్ళ కింద నలుపు, గొంతులో హుషారు.

“ఫెన్నా గారూ, మన రెండు దేశాలూ సంతకం పెట్టిన ఐరోపా ఒప్పందం ఒకటుంది. ఒక దేశంవాళ్ళు ఇంకో దేశంలో పని చేసుకోవచ్చు, మా దేశంవాడివి కాదని తోసెయ్యకూడదు అని అందులో ఉంది.”

“అది ప్రభుత్వాలు రాసుకున్నది కదండీ. నేనెవర్ని దాన్ని పట్టుకుని అడగడానికి?”

“అదే అసలు సంగతి. అది ప్రభుత్వాల బీరువాలో పెట్టుకునే కాగితం కాదు. అందులో మీ హక్కు మీదే. దాన్ని పట్టుకుని ఇక్కడి కోర్టులోనే, ఇక్కడి జడ్జి ముందే నిలబడొచ్చు. దేశం చట్టం దానికి ఎదురొస్తే, ఆ జడ్జే దేశం చట్టాన్ని పక్కన పెట్టాలి.”

“పెడతాడా?”

“ఒక మెలిక ఉంది. ప్రభుత్వ అధికారం చలాయించే ఉద్యోగాల్ని సొంతవాళ్ళకే ఉంచుకోవచ్చని కూడా ఉంది. వాళ్ళు దాన్నే పట్టుకుంటారు.”

ఫెన్నా కేసు వేశాక దాన్నే పట్టుకున్నారు కూడా. నగరంలోని కోర్టులో ఓడల శాఖ లాయరు సముద్రం మీద కాప్టెనుకుండే అధికారాలన్నీ ఒక్కొక్కటిగా చదివాడు. జడ్జి బక్కపల్చటి మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. సాక్షిగా వచ్చిన ఓకోని కూర్చునే చెప్పమన్నాడు.

“ఫ్రీజె గారూ, ఎన్నేళ్ళు సరంగుగా చేశారు?”

“నలభై ఆరండీ.”

“ఈ అధికారాలు ఎప్పుడైనా వాడారా? ఎవరినైనా బంధించారా?”

ఓకో కుర్చీలో ముందుకి జరిగాడు. “ఒక్కసారండీ. మరుగుదొడ్డి గడియ ఇరుక్కుపోయి, నన్ను నేనే.”

కోర్టంతా నవ్వింది. జడ్జి నవ్వలేదు గానీ, ఆ మాట రాసుకున్నాడు. తీర్పు మాత్రం ఆ రోజు చెప్పలేదు. ఒప్పందానికి అర్థం ఇదీ అని చెప్పవలసింది లక్సెంబర్గ్‌లోని ఐరోపా కోర్టు కాబట్టి, తన ప్రశ్న రాసి అక్కడికి పంపిస్తున్నానన్నాడు. జవాబొచ్చేదాకా ఎక్కడివక్కడే.

“లక్సెంబర్గా!” అన్నాడు హాయో ఆ సాయంత్రం రేవులో. “సముద్రమే లేని ఊళ్ళో మన సముద్రం సంగతి తేలుస్తారట! చేపని చెట్టెక్కమని అడిగినట్టుంది.”

జవాబుకు పందొమ్మిది నెలలు పట్టింది. అందులో మొదటి ఏడాది ఓకోని దించడం, ఎక్కించడం సాగింది. తర్వాత ఒక గాలిరోజున గట్టు మీద తడికి అతని కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న ఫెన్నాతో, “ఒసే అమ్మాయ్, నన్ను స్ట్రెచర్ మీద తీసుకెళ్ళి పడవలో పెట్టు. పడుకున్నా జర్మన్‌వాణ్ణేగా,” అన్నాడు.

“నోర్మూసుకుని పడుకో బాబాయ్,” అంది ఫెన్నా. నవ్వబోయి ఏడ్చేసింది. అతని కాలు జారింది తన మూలానే అని ఆమెకు అనిపించింది. ముసలాయన్ని అలా మూటలా మోసుకుని తిరగడానికి ఒప్పుకోకుండా ఉండాల్సింది.

ఆల్కే రేవులో కట్టేసి ఉండిపోయింది. వేరే సరంగుని పెట్టుకుందామంటే, ఆ పనికి వచ్చేవాళ్ళే కరువు. ఉన్నవాళ్ళకు సొంత పడవలున్నాయి. ఫెన్నా గుల్లలు ఏరే షెడ్డులో పనికి కుదిరింది. చన్నీళ్ళకు వేళ్ళు పగిలేవి. ఆదివారాలు వచ్చి పడవ ఇంజను కాసేపు తిప్పి, అడుగుకు పట్టిన నాచు గీకి వెళ్ళేది. ఒక ఆదివారం యెల్టో ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

“మానేద్దామా?” అన్నాడు. “పాస్‌పోర్టు మార్చుకున్నా నువ్వు నువ్వే కదా.”

“నాకూ అనిపిస్తోంది,” అంది ఫెన్నా. “పొద్దున లేస్తే ఒకటి, సాయంత్రానికి ఒకటి.” కత్తికంటిన నాచు విదిలించి మళ్ళీ అంది, “హాయో పడవ మీద డచ్చి కుర్రాళ్ళు ఇద్దరున్నారు. నేను మార్చుకుంటే, రేపు వాళ్ళకీ అదే చెప్తారు. ఫెన్నా మార్చుకుంది, మీకేం అని.”

యెల్టో గీకుడు కత్తి ఇంకోటి తీసుకుని వెనకవైపు మొదలుపెట్టాడు.

లక్సెంబర్గ్ జవాబు వచ్చినరోజు లాయరు షెడ్డుకే ఫోన్ చేసింది. “మనం గెలిచినట్టు కాదు, ఓడినట్టూ కాదు. కాప్టెన్ ఉద్యోగాన్ని సొంతవాళ్ళకి ఉంచుకోవచ్చట. కానీ ఆ అధికారాల్ని నిజంగా, తరచుగా వాడుతుంటేనేనట. ఎప్పుడో ఒకసారి అక్కరపడొచ్చు అనే సాకుతో కుదరదట. మీ పడవలో ఏం జరుగుతుందో చూసి తేల్చాల్సింది మన జడ్జే.”

రెండోసారి కోర్టులో అరగంటే పట్టింది. జడ్జి తన నోట్సు తిరగేసి, నలభై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా వాడని అధికారం ఆ పనిలో భాగమని చెప్పడం కష్టమన్నాడు. ఈ విషయంలో దేశం నిబంధనను వర్తింపజేయననీ, జాతీయత కారణంగా ఆమె దరఖాస్తు తోసిపుచ్చకూడదనీ అన్నాడు. అంతే. సుత్తి కొట్టలేదు, ఎవరూ లేచి చప్పట్లు కొట్టలేదు.

బయట వసారాలో ఫెన్నా లాయరు మోచెయ్యి పట్టుకుంది. “అంటే చట్టం కొట్టేశారా?”

“లేదండీ. పుస్తకంలో అలాగే ఉంది. మీ దగ్గరికొచ్చేసరికి పని చెయ్యదు. పుస్తకం మార్చడం పార్లమెంటు పని, వాళ్ళు తీరిగ్గా చేస్తారు.”

ఫెన్నాకు సంతోషం వెంటనే రాలేదు. ఆకలేసింది. ఇద్దరూ ఎదురుగా బండి దగ్గర హెర్రింగ్ చేప పెట్టిన రొట్టె కొనుక్కుని నిలబడే తిన్నారు. సగం తిన్నాక ఫెన్నా మొహం పక్కకి తిప్పుకోవడం లాయరు చూసింది. చూడనట్టు రుమాలు అందించింది.

వారం తిరిగాక ఊబెన్ ఆమెను గదిలోకి పిలిచాడు. కొత్త ఫారాలు ఇంకా అచ్చవలేదు. పాత ఫారంలో ‘జర్మన్ పౌరుడు’ అన్న వరుస ముందే అచ్చయి ఉంది. ఊబెన్ స్కేలు పెట్టి ఆ వరుస మీద తిన్నగా గీత గీశాడు, పక్కన పొట్టి సంతకం పెట్టాడు, ఇంకు ఆరేదాకా ఊదాడు.

“కాప్టెన్ వీర్సెమా గారూ, అందుకోండి,” అన్నాడు. ఈసారి నవ్వాడు.

ఆల్కే మళ్ళీ నీళ్ళలో కదిలినరోజు ఓకో చేతికర్రతో గట్టు మీద నిలబడ్డాడు. రమ్మంటే రాలేదు. “అక్కడ నాకేం పని? అయినా ఆ బల్ల నడుముకి మంచిది కాదు,” అని, పడవ కరకట్ట మలుపు దాటేదాకా చూసి, రొట్టెల కొట్టువైపు నడిచాడు.

ఆ వసంతంలోనే ఒక మధ్యాహ్నం హాయో పడవ మీది డచ్చి కళాసీల్లో పెద్దవాడు టోపీ చేత్తో పట్టుకుని ఫెన్నా దగ్గరికొచ్చాడు. సరంగు కాగితానికి తనూ పెట్టుకుందామనుకుంటున్నానని, కోర్టుకి ఎన్నాళ్ళు తిరగాలని అడిగాడు.

“కోర్టెందుకు? తీర్పు నకలు ఒకటి పట్టుకెళ్ళు,” అంది ఫెన్నా, తాడు ముడేస్తూ. “మూడో అంతస్తు, ఊబెన్ గారి గది. మంగళవారం వెళ్ళు, రద్దీ ఉండదు. లిఫ్టు పని చెయ్యదు, మెట్లెక్కాలి.”