పందుల కోసం కట్టిన చీర

బస్టాండు దగ్గర కంకులు కాల్చేవాళ్లు ఈ మధ్య నిమ్మచెక్క రుద్దీ రుద్దనట్టు రుద్ది చేతిలో పెడుతున్నారు. తిరువూరులో ఇదేంటని అడిగేవాడు లేడు. నేను అడగలేను. మొక్కజొన్న గురించి నోరెత్తే అర్హత మా కుటుంబంలో నాకొక్కడికే లేదు. ఇది ఓ చేను మూల ఖాళీ అయిన కథ, కాస్త ఓపిగ్గా వినండి.

అప్పట్లో కొత్తగా కెమెరా కొని, అడవి ప్రాణుల్ని ఫొటో తీయడం నేర్చుకుంటున్నాను. నేను వెళ్లగానే పిట్టలు ఎగిరిపోయేవి. అందువల్ల ఖాళీ కొమ్మలు తీయడంలో మంచి పట్టు సాధించాను. లోపం నాలో లేదనీ, పిట్టలకు నేను కనబడటంలోనే ఉందనీ వీడియోలు చూసి తెలుసుకున్నాను. చాటు కట్టుకుని, కదలకుండా కూర్చోవాలట.

వినగడపలో మా అక్కావాళ్ల మొక్కజొన్న చేను వాగు పక్కనే. ఆ పంట చేతికొస్తే వంటింటి రేకులు మార్చాలని అక్క ఆశ. సాయంత్రం వెళ్లి చూద్దును కదా, చేను చుట్టూ కర్రలకు పాత చీరలు కట్టి ఉన్నాయి. వాగు వైపున్నది ఆకుపచ్చది, నా కోసమే నేసినట్టుంది. అడిగితే ఏమనుకుంటారోనని అడక్కుండానే విప్పుకున్నాను. మొదటినుంచీ నాకు మొహమాటం ఎక్కువ.

తెల్లవారుతుండగా లకుముకిపిట్ట కోసం ఆ చీర కప్పుకుని కూర్చున్నాను. పిట్ట రాలేదు. అంతకంటే పెద్దవే వచ్చాయి. బావకి ఫోన్ చేశాను.

"బావా, అడవిపందులు! పిల్లల్తో సహా!"

"ఎక్కడ?"

"మన చేలోనే. అబ్బ, ఏం వెలుతురు బావా!"

"చేలోకి ఎలా వస్తాయయ్యా? చుట్టూ చీరలున్నాయిగా?"

"వాగు వైపు లేదు."

"లేకపోవడమేంటి?"

"నా మీదుంది."

ఫోన్లో బావ కేక పెట్టాడు.

"అరువు! లేచి అరువు!"

"ఒక్క నిమిషం బావా, కదిలితే బెదురుతాయి."

"బెదరాలయ్యా! చీర ఊగితే మనిషనుకుని బెదరాలనే కదా కట్టింది!"

బావ కంచం మీద గరిటెతో వాయించుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి పందులు తృప్తిగా వెళ్లిపోయాయి. వాగు వైపు చేను పడుకుంది.

ఆ ఉదయం అక్కావాళ్ల వాకిట్లో కెమెరా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఈ జన్మలో మళ్లీ ఏ ఇల్లాలి చీర చాటునా దాక్కోను, పిట్టలు ఎంత బతిమాలినా సరే.

అక్క కెమెరా లాక్కుని ఫొటోలు చూసింది.

"పందులు బానే పడ్డాయి. వాటి వెనకాల మసగ్గా ఉందేంట్రా?"

"అదే అక్కా పనితనం. వెనకున్నది కనబడకూడదు."

"వెనకున్నది మా పంట రా."