మా పిల్లకు కథలు చెప్పిన బెల్జియం పెద్దాయన

మా పక్కింటి బెల్జియం పెద్దాయన పోయారు. శనివారం పొద్దున నేను గ్యారేజీ ముందు మంచు ఎత్తుతుంటే వాళ్లావిడ ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయటికొచ్చి, "నెయ్‌బర్, ఆయన వెళ్లిపోయాడు" అంది. లోపల నిద్రపోతున్న మా అమ్మాయికి ఈ మాట ఎలా చెప్పాలా అని ముందు భయం వేసింది. ఆ వెంటనే, నేను పోయినా అది అంతగా ఏడుస్తుందా అనిపించింది. పెద్దాయన నన్ను క్షమించాలి. పదేళ్లు ఆయన్ని చూసి కుళ్లుకున్నవాణ్ణి, ఇప్పుడు కొత్తగా పెద్దమనిషిలా నటించలేను.

మేం డెట్రాయిట్ పక్కనున్న ఈ ట్రాయ్ ఊరికి వచ్చింది డెబ్బై ఎనిమిదిలో, మా ఆవిడ నర్సు ఉద్యోగం మీద. నేను ఎస్సెల్సీ తప్పినవాణ్ణి. కార్ల విడిభాగాల షాపులో లేత్ నడుపుతాను. తక్కిన చదువంతా లైబ్రరీలోనే. అలా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది, తెలిసింది ఎవరికో ఒకరికి చెప్పందే అన్నం సయించదు. తెనాలిలో నేను నోరు విప్పితే పదిమంది చేరేవారు. ఇక్కడ నాకు మిగిలింది ఒక్క శ్రోత, అప్పటికి ఏడేళ్ల మా అమ్మాయి. ఆ ఒక్కదాన్నీ ఆయన ఎగరేసుకుపోయారు.

ఆయన కుర్రతనంలోనే డెట్రాయిట్ వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో అచ్చులు చేసి రిటైరైన మనిషి. ఏ మాట ఎత్తినా అందులోంచి ఒక బెల్జియం వాణ్ణి బయటికి లాగేవారు. ముందు మా పిల్ల చేతిలో ఒక వస్తువు పెట్టేవారు. పాత నల్ల టెలిఫోన్ రిసీవరు ఇచ్చి, "ఈ ప్లాస్టిక్ చేసింది మావాడే" అనేవారు. మేం దానికి చక్రాల బూట్లు కొంటే, మొట్టమొదట అలాంటివి చేసినవాడూ మావాడేనన్నారు. అతను లండన్‌లో ఓ విందుకి అవి తొడుక్కుని, వయొలిన్ వాయించుకుంటూ వచ్చి, ఆగడం చేతకాక నిలువుటద్దాన్ని గుద్దుకున్నాడట. సాక్సోఫోన్ చేసినాయన చిన్నప్పుడు మెట్లమీద నుంచి పడ్డాడు, సూది మింగాడు, ఏటిలో కొట్టుకుపోయాడు. ఊరంతా వీడు బతకడనుకున్నారట. అవి నిజమో కాదో లైబ్రరీలో వెతికాను. నిజాలే. అదింకా కడుపుమంట.

మన నాలుగు జిల్లాలు కలిపినంత దేశం అది. మీవాళ్ల గురించి ఎందుకంత గట్టిగా చెబుతారని ఓసారి అడిగేశాను. "చిన్న దేశం వాడు గట్టిగా చెప్పకపోతే ఎవరికి వినిపిస్తుంది, నెయ్‌బర్?" అన్నారు.

నేనూ ఊరుకోలేదు. భోజనాల దగ్గర సున్నా పుట్టిన కథ ఎత్తుకున్నాను. రాజులు, రాజ్యాలు దాటుకుని సున్నా దాకా వచ్చేసరికి మా అమ్మాయి చెయ్యి కడుక్కుంది.

"నాన్నా, నువ్వు ఎప్పుడూ టూ ఫార్ బ్యాక్ స్టార్ట్ చేస్తావ్. తాత డైరెక్ట్‌గా యాక్సిడెంట్‌తో స్టార్ట్ చేస్తాడు."

"పిల్లని పడుకోనివ్వండి. మీ సున్నా ఎక్కడికీ పోదు" అంది మా ఆవిడ.

తాత అనే మాట దానికి నేర్పిందీ నేనే. నా ఖర్మ.

డెట్రాయిట్ బెల్జియం వాళ్లకి ఒక ఆట ఉంది. తొట్టిలా పల్లంగా చేసిన పొడవాటి మట్టి బాటలో, తిరగలి రాళ్లలాంటి కొయ్య చక్రాలు దొర్లించాలి. బాట కొసన నేలలో గుచ్చిన పావురం ఈకే గురి. ఓ ఆదివారం చర్చి అవగానే మమ్మల్నీ తీసుకెళ్లారు. నేను కాస్త ముందుగా లోపలికెళ్లి చూస్తే, శుభ్రంగా ఊడ్చిన మట్టిలో ఓ ఈక కనిపించింది. పెద్దవాళ్లు ఆడుకునే చోటు కదా అని పీకి చెత్తబుట్టలో వేసి, చెయ్యి కూడా కడుక్కున్నాను. ఇరవైమంది ముసలాళ్లు చక్రాలు చేత్తో పట్టుకుని గురి కోసం వెతుకుతుంటే నేనూ వాళ్లతో కలిసి వెతికాను, పోయిందేమిటో తెలియక!

ఆనాటి నుంచి సాక్సోఫోన్ ఆయన తరవాత నా కథే చెప్పేవారు. మా అమ్మాయి "తాతా, నాన్న ఫెదర్ స్టోరీ, ప్లీజ్" అని మళ్లీ మళ్లీ అడిగి, పొట్ట పట్టుకుని నవ్వేది. నా కథ నాకంటే ఆయన బాగా చెప్పడం! అంతకంటే ఏం కావాలి మనిషి కుళ్లి చావడానికి?

ఒక ఎండాకాలం సాయంత్రం కంచె ఇవతల నుంచి "ఇక చాలు, ఇంటికి రా" అని అరిచాను. పిల్ల మొహం ముడుచుకుని వచ్చేసింది. ఆయన కంచె దాకా వచ్చి మెల్లగా అన్నారు. "నాకు పిల్లల్లేరు, నెయ్‌బర్. ఎంత మంచి కథ చెప్పినా, నువ్వు పిలిస్తే అది మీ ఇంటికే వస్తుంది." సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు నేనే పిల్లని పంపాను. పంపి, కిటికీలోంచి చూస్తూ మళ్లీ కుళ్లుకున్నాను.

మంగళవారం వాళ్ల చర్చిలో మా అమ్మాయిని మాట్లాడమన్నారు. పదిహేడేళ్లది, కాగితం లేకుండా నిలబడింది. ఈ విశ్వమంతా ఒకనాడు ఒక్క రేణువంత ఉండేదని చెప్పిన బెల్జియం ఫాదర్ కథ చెప్పింది. చాలామంది నమ్మలేదు. ఆయన జబ్బుపడి మంచం మీద ఉండగా, రుజువు దొరికిందని ఓ స్నేహితుడు వచ్చి చెప్పాడు. అంతే, అక్కడితో ఆపి వచ్చి నా పక్కన కూర్చుంది. అచ్చం ఆయన చెప్పే తీరే. పెట్టెలో పడుకున్న మనిషిని చూసి కూడా అసూయపడవచ్చని నాకు ఆరోజే తెలిసింది.

తిరిగొస్తుంటే కార్‌లో అది రేడియో ఆపేసింది.

"నాన్నా, పెళ్లికి ముందు నువ్వు ఏం పని చేసేవాడివి? నాకు తెలీదు."

ఇన్నాళ్లూ ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నవాణ్ణి, తీరా అడిగితే మా ముత్తాతల కాలం నుంచి ఎత్తుకోబోయి మానుకున్నాను. ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగాం. "రైసుమిల్లులో" అన్నాను చివరికి. అది సీట్లో నావైపు తిరిగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. అలా కూర్చుని వినడం నా దగ్గర నేర్చుకున్నది కాదు, నాకు తెలుసు. సిగ్నల్ పచ్చబడింది. వెనక హారన్లు మోగుతున్నాయి.

"ఊఁ" అంది మా అమ్మాయి.