ఆయుధపూజ నాడు పడుకున్న ఎక్స్‌టీ

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, దసరా వెళ్లిన మర్నాడు, నాకు జమ్మలమడుగు కాల్ పడింది. మా వృత్తిలో మరమ్మతు కోసం వచ్చే పిలుపును కాల్ అంటారు. అప్పటికి చాలా ఏళ్లుగా నేను ప్రొద్దుటూరులో ఒక కంప్యూటర్ డీలరు దగ్గర ఫీల్డ్ సర్వీస్ ఇంజనీరును. ఆ హోదా నా కార్డు మీద అచ్చయి ఉండేది. తొమ్మిదో తరగతిలో నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకున్న అయ్యవార్లు ఆ కార్డు చూసి ఉంటే, పీల్చిన ఊపిరి అక్కడే ఆగిపోయేది.

పులివెందుల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు నా పరిధి. ఆ ఊళ్లకు మొదట వచ్చిన డెస్క్‌టాప్ మోడళ్లలో ఎక్స్‌టీ ఒకటి. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు, ఇద్దరు పడితేగానీ లేవని ఇనుప పెట్టె. మొదట్లో మా వైపు వచ్చినదానికి హార్డ్ డిస్కే లేదు. రెండు ఫ్లాపీలు పెట్టుకుని, ఒకదాంట్లో ప్రోగ్రాము, రెండోదాంట్లో పనితో నెట్టుకొచ్చేది. తర్వాత హార్డ్ డిస్కు వచ్చింది. ఆఫీసు మేనేజరు గదిలో ఫ్యాను తిరగకపోయినా దీని గదికి ఏసీ బిగించేవారు. చెప్పులు గుమ్మం బయట విడవాలి. నా జీవితంలో నాకోసం తలుపు తెరిచి పట్టుకున్నది ఆ గదుల దగ్గరే. అది నా గొప్ప కాదని అప్పుడే తెలుసు. అయినా ఆ రోజులు ఇప్పటికీ కావాలనిపిస్తాయి.

కొత్త మోడళ్లు వచ్చాక ఆఫీసులన్నీ ఎక్స్‌టీలను పాత సామాన్ల వాళ్లకు తోసేశాయి. జమ్మలమడుగులో మాత్రం ఒకటి బతికింది. ఓబులేసు మగ్గాలు నడిపించేవాడు. చీర అంచులో ఏ దారం పైకి లేవాలో మగ్గానికి చెప్పేది చిల్లుల అట్టలు. ఆ అట్టలకు చిల్లులు కొట్టే యంత్రాన్ని ఈ ఎక్స్‌టీ నడిపేది. యంత్రాన్ని కలిపే కార్డు కొత్త కంప్యూటర్లలో పట్టదు. డిజైన్లు ఓబులేసు భార్య లక్ష్మమ్మవి. తెర మీద చుక్క చుక్కగా ఆమే వేసేది. ఏళ్ల తరబడి వేసినవన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. నకలు లేదు.

నేను వెళ్లేసరికి ఎక్స్‌టీ పీట మీద కూర్చుని ఉంది. నుదుట పసుపు, కుంకుమ, మెడలో బంతిపూల దండ.

"దీనికి పండగ పూట సెలవిచ్చినామప్పా. ఇంగ పనిలోకి రానంటాంది," అన్నాడు ఓబులేసు.

స్విచ్ వేశాను. తెర మీద 1701 అని వచ్చింది. డిస్కు పలకడం లేదని ఎక్స్‌టీ చెప్పే తీరు అది. ఫ్యాను తిరుగుతోంది, డిస్కు తిరగడం లేదు. ఆపే ముందు పార్క్ కమాండ్ ఇచ్చారా అని అడిగాను. ఆ డిస్కులో గ్రామఫోన్ ప్లేటు లాంటి పళ్లెం తిరుగుతుంటే, దాన్ని చదివే ముల్లు పైన తేలుతుంటుంది. యంత్రాన్ని ఆపాలన్నా, కదిలించాలన్నా ముందు పార్క్ అని కొట్టి, ముల్లును ఖాళీ అంచుకు పంపాలి. లక్ష్మమ్మ ఏ రోజూ అది మరిచే మనిషి కాదు.

"ఆ పొద్దు దాంతో పని చేయించగూడదు గదన్నా," అందామె. "మీటలు నొక్కితే పని చేయించినట్లే గదా అని, తీగ పీకేసి ఇద్దరం ఎత్తి పీట మీద పెట్టినాం."

"సెలవిచ్చినావు గానీ పక్క పరచలేదు తల్లీ," అన్నాను. ఆమె నవ్వలేదు. నేనూ వేళాకోళం ఆపేశాను.

ముల్లు పళ్లేనికి అతుక్కుంది. దానికి ఒకటే మందు. డిస్కును విప్పి, తీగలు తగిలించి ఉంచి, కరెంటు ఇచ్చిన క్షణంలో రెండు అరచేతుల మధ్య చటుక్కున తిప్పాలి. విడివడితే సరి. లేకపోతే ముల్లు ఊడి, ఉన్నవన్నీ పోతాయి. ఆ మాట దాచకుండా చెప్పాను. ఓబులేసు భార్య వైపు చూశాడు.

"తిప్పన్నా. ఊరికే పెట్టుకున్న్యా పోయినట్లే గదా," అంది లక్ష్మమ్మ.

తిప్పాను. ముందు గరగర, తర్వాత సన్నటి ఈల, అది పెరిగి పెరిగి ఒక శ్రుతిలో నిలబడింది. ఓబులేసు దేవుడి పటం వైపు దండం పెట్టాడు. "ఆయనకు తర్వాత పెడుదువుగానీ, ముందు ఫ్లాపీలు అందియ్యప్పా. ఇది మళ్లా ఎప్పుడు ఆగుతాదో తెలీదు," అన్నాను.

పద్ధతి ప్రకారం తెర మీద డిజైన్ల పేర్లు ఏ వరుసలో ఉంటే ఆ వరుసలో కాపీ చేస్తాం. నేను అట్లే మొదలుపెట్టబోతే లక్ష్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పైనున్నవి వద్దు. అవి మగ్గాల మీద అట్టలై వేలాడతాండాయి. పోయినా చిల్లులు చూసి మళ్లా ఎక్కించుకుంటా. ఇంగా అట్ట కొట్టనివి శానా ఉండాయి, అవి దీంట్లో తప్ప యాడా లేవు. ముందు అవి తియ్యి."

"నీది మంచి జ్ఞాపకమే," అన్నాడు ఓబులేసు. "నేను తెమ్మన్న ఉప్పు మాత్రం మరిచిపోతావు."

"ఉప్పు అంగట్లో దొరుకుతాది," అంది తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా.

ఆమె పేరు చెప్పడం, నేను కాపీ కొట్టడం. అట్ట కొట్టనివన్నీ ఫ్లాపీల్లోకి వచ్చాయి. మిగతావాటిలో రెండో మూడో ఎక్కాయో లేదో, ఈల సన్నగిల్లి ఆగిపోయింది. మళ్లీ తిప్పాను. రాలేదు. ఆ శబ్దం వినడం నాకు అదే ఆఖరు. ఇప్పటి డిస్కులకు గొంతే లేదు. పక్కన కూర్చున్నా బతికి ఉందో లేదో తెలియదు. ఆ ఈల కోసం ఇప్పటికీ చెవి వెతుక్కుంటుంది.

మా షాపు అటక మీద నుంచి ఒక పాత ఫ్లాపీ డ్రైవు తెచ్చి బిగించాను. ఎక్స్‌టీ రెండు ఫ్లాపీలతో, పుట్టినప్పటిలాగే నడిచింది. లక్ష్మమ్మ పోయిన డిజైన్లను మగ్గాల మీది అట్టలు చూసి ఒక్కొక్కటే తిరిగి ఎక్కించుకుంది. నకళ్లు తీయడం కూడా నేర్చుకుంది.

ఆ తర్వాత నేను సర్వీసులో ఉన్నది కొద్ది కాలమే. ఆ కొద్ది కాలంలో ఏ యంత్రం దగ్గరికి వెళ్లినా, స్క్రూ విప్పే ముందు యజమానిని ఒకటే అడిగేవాడిని: ఇందులో మీరు మళ్లీ చేసుకోలేనిది ఏది? చాలామంది అన్నీ ముఖ్యమే అనేవారు. అలాంటి చోట పేర్ల వరుసలోనే కాపీ తీసేవాడిని.