ఆ వాషర్ నాది

నిన్న పొద్దున్నే షబానా ఫోన్ చేసింది. "అంకుల్, నాన్న లేరు" అంది.

ఎక్కడికెళ్లారమ్మా అని అడిగాను. అంత మొద్దుగా అడిగాను.

"టీ తాగి గ్లాసు కింద పెట్టారు అంకుల్. అలాగే పక్కకి ఒరిగిపోయారు."

మన గఫూర్ బావ పోయాడు. పూర్ణా మార్కెట్ వెనక లేత్ షాపు గఫూర్.

రాజమండ్రి నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, ఈ ఊళ్లో నన్ను మొదట బావా అని పిలిచింది తనే. ముప్ఫై ఏళ్లయింది.

ఏడుపు సంగతి సరే, నిన్నటి నుంచి ఒకటే భయం. ఎందుకో చెప్పాలి. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక ఇక్కడ నా పేజీలో రాస్తున్నాను.

మా సీతమ్మధార ఇంటి షెడ్డులో ఉన్న బుల్లి ట్రాక్టర్ మీకందరికీ తెలుసు. తోటపనికి వాడే పాతకాలం బండి. తుక్కులో దొరికింది. బావ దాన్ని బోల్టు బోల్టు విప్పేశాడు. విప్పుతుంటే ఫొటోలు తీసి పెట్టుకుందామని ఫోన్ బయటికి తీశాను.

"ఫొటోలేటి బావా? నా సెయ్యి విప్పింది నా సెయ్యికి గుర్తుంటాది. జేబులో ఎట్టెయ్" అన్నాడు.

నిజంగానే గుర్తుండేది. విప్పిన ముక్కలు నానేసిన కిరోసిన్ పళ్లెంలో చెయ్యి పెట్టి, చూడకుండానే ఏ ముక్క ఎక్కడిదో చెప్పేవాడు. ఎనిమిది నెలలు ప్రతి ఆదివారం అదే పని. చివరికి ఇంజన్ పలికింది. అరవై దాటిన మనుషులం, చిన్నపిల్లల్లా గెంతాం.

అప్పుడు కనిపించింది. పళ్లెం అడుగున ఒక ఇత్తడి వాషర్.

బావ మొహం మాడిపోయింది. గేర్‌బాక్సులో అలాంటివి వరసగా ఉంటాయి. ఒకటి వెయ్యడం మర్చిపోయాననుకున్నాడు.

"ఇలాగే నడిపితే గేర్లిరిగి ఎవరి కాలో పోద్ది. నాను ఎక్కను, నిన్నూ ఎక్కనివ్వను" అని ఇంజన్ ఆపేశాడు.

గేర్‌బాక్సు మళ్లీ విప్పాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బిగించాడు. వాషర్ మళ్లీ మిగిలింది. ఇంకోసారి విప్పాడు.

మన వాకింగ్ గ్రూపులో ఎన్ని జోకులు! "గఫూర్ భాయ్‌కి వయసైపోయింది" అని ఒకరు. "ముందు ఆయన బుర్ర విప్పి చూడండి" అని ఇంకొకరు. నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను. ఛీ.

పోయిన వారం ఏదో పని మీద పాత సామాన్ల షాపుకి వెళ్లాను. షాపాయన అడిగాడు, "ఏటి సార్, ఆ రోజు అట్టుకెల్లిన వాషర్ సరిపోయిందా?"

అప్పుడు గుర్తొచ్చింది.

అవును, అది నేను కొన్నదే. నా సంగతి మీకు తెలియనిది కాదు. గేటు తాళం మూడుసార్లు లాగి చూసుకునే మనిషిని. "ఊళ్లో భయమంతా నీ దగ్గిరే ఉంది బావా" అని గఫూర్ ఏడిపించేవాడు. గేర్‌బాక్సు విప్పిన రోజు, ఒకటి పోతే ఎలా అని భయపడి, అచ్చు అలాంటి పాత వాషర్ తెచ్చి పళ్లెంలో పడేశాను. తర్వాత మర్చిపోయాను. మర్చిపోయింది నేను!

చెప్పేద్దామని పరుగున ఇంటికొచ్చాను. బావ మూడోసారి విప్పుకుని కూర్చున్నాడు. తలెత్తకుండా అన్నాడు:

"బావా, నాకు మతిమరుపొచ్చేసినట్టుంది. షాపులో లేత్ ముందు నిలబడతంటే భయమేత్తంది. మా ఇంట్లో సెప్పకు."

ఆ మాట విన్నాక ఎవడైనా నోరు తెరుస్తాడు. నేను తెరవలేదు. తిడతాడేమో, ఇక మా గడప తొక్కడేమో అని. ఆదివారం బిర్యానీ తెప్పించి, కడుపునిండా పెట్టి, మెల్లగా చెబుదామనుకున్నాను.

ఆదివారం రేపు.

నిన్న ఖననం దగ్గర నా వంతు మూడు పిడికిళ్ల మట్టి వేశాను. వాషర్ జేబులోనే ఉంది. దాన్నీ వేసేద్దామా అనిపించింది. వెయ్యలేదు. అది బావది కాదు కదా.

తర్వాత వాళ్లింటికెళ్తే బావ భార్య, మా భాభీ, అడిగింది, "ఆ ముక్క ఎక్కడిదో తెలిసిందా భయ్యా? మొన్న ఉండబట్టలేక సెప్పేసినారు, రోజంతా అదే మాట. నా సెయ్యి మర్సిపోనాది అని కుమిలిపోనారు."

"తెలీలేదు భాభీ" అన్నాను. అప్పుడు కూడా!

అమ్మా షబానా, ఇది మీ అమ్మకి చదివి వినిపించు. నన్ను తిట్టాలనుంటే తిట్టమను. గ్రూపులో నవ్విన వాళ్లూ చదవండి. గఫూర్ ఏదీ మర్చిపోలేదు. మూడుసార్లు విప్పాడు, మూడుసార్లూ సరిగ్గా బిగించాడు.

బావ చివరిసారి బిగించి వెళ్లిన ట్రాక్టర్ ఈ పొద్దున ఎక్కాను. ఇంత పిరికివాణ్ని, ఒక్కణ్నే, పెరడంతా తిప్పాను. గేర్లు ఒక్కటీ మొరాయించలేదు. మొదట ఎక్కాల్సింది నువ్వు బావా.

నీ చెయ్యికి అన్నీ గుర్తున్నాయి బావా. నన్ను క్షమించు.

అల్లా నీకు చల్లని చోటివ్వాలి. ఏదీ మిగల్లేదు, నిశ్చింతగా పడుకో.